డ్రమ్ము ఖాళీ చేసిన చోటు

నేను ఉద్యోగ విరమణ చేయడానికి రెండేళ్ల ముందు, ఒక ఆగస్టు ఒకటో తేదీన, జహీరాబాద్‌లోని మా వర్క్‌షాపులో డెవలప్‌మెంట్ సెక్షన్ బాధ్యత నాకు అప్పగించారు. అంతకు ముందు ఇరవై ఆరేళ్లు ఇన్‌స్పెక్షన్‌లో పనిచేశాను. ఇన్‌స్పెక్షన్ అంటే ఇతరులు చేసిన పనిలో తప్పులు వెతకడం. డెవలప్‌మెంట్ అంటే ఆ తప్పులు మనమే చేయడం. ఈ తేడా నాకు ఒంటబట్టడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడో నెలలో జరిగిన సంగతే ఇది.

మా వర్క్‌షాపు ముంబై హైవేను ఆనుకొని ఉండేది. ట్రైలర్లు కట్టడం, లారీల ఇరుసులు మార్చడం, బ్రేకుల పని మా వ్యాపారం. మేడ మీద నా గది, కింద షెడ్డు. షెడ్డులో నూటికి నూరు మందీ మగవాళ్లే కాబట్టి నన్ను 'మేడం' అని పిలవడం మొదట్లో వాళ్లకూ కొత్తే, నాకూ కొత్తే. తర్వాత అది నా ఇంటిపేరులా స్థిరపడిపోయింది. నా గొంతు మెట్లు దిగి కిందికి వినపడేదని, దాన్ని బట్టి ఆ రోజు ఎవరు ఏ పని చేయాలో నిర్ణయించుకునేవారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. నాకు కోపం ముందు వస్తుంది, లెక్క తర్వాత వస్తుంది. ఇందులో దాచుకోవలసిందేమీ లేదు.

ఆ అక్టోబరులో ఒక ట్రాన్స్‌పోర్టు యజమాని ఆరు లారీలు తెచ్చాడు. ఈ చుట్టుపక్కల పండే అల్లం, ఆలుగడ్డ మహారాష్ట్ర మార్కెట్లకు మోసే లారీలవి. ఘాట్ రోడ్లు దిగేటప్పుడు ముందు చక్రాల బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతున్నాయని, డ్రమ్ము బ్రేకులు తీసేసి డిస్కు బ్రేకులు పెట్టాలని ఆయన కోరిక. డ్రమ్ము బ్రేకంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె, దాని లోపలి నుంచి నొక్కే రెండు షూలు. వేడి ఆ గిన్నెలోనే ఉండిపోతుంది. డిస్కు బ్రేకులో బయటికి కనపడే ఇనుప పళ్లెం ఉంటుంది, దాన్ని రెండు వైపుల నుంచీ ప్యాడ్లు పట్టుకుంటాయి. గాలి తగులుతుంది కాబట్టి తొందరగా చల్లబడుతుంది. మొదట ఒక లారీకి మార్చి, ఇసుక బస్తాలు నింపి నడిపి చూసి, బాగుంటే మిగతా ఐదూ చేయాలని ఒప్పందం.

డిస్కులు, ప్యాడ్లను నొక్కి పట్టే కాలిపర్లు, బ్రాకెట్లు తయారై వచ్చాయి. వాటి లెక్కలన్నీ నేను రెండేసి సార్లు చూశాను. చివరికి మిగిలింది స్టడ్ల సంగతి. స్టడ్డంటే హబ్బులో గట్టిగా దిగ్గొట్టిన పెద్ద బోల్టు. హబ్బు ఇరుసు చివర తిరిగే భాగం. మా లారీల్లో ఒక్కో చక్రానికి పది స్టడ్లు. చక్రాన్ని ఆ పదింటి మీద తగిలించి, బయటి నుంచి పది నట్లు బిగిస్తారు. లారీ మీద ఎన్ని టన్నులున్నా, డ్రైవరు ఎంత గట్టిగా బ్రేకు తొక్కినా, చక్రాన్ని పట్టి ఉంచేది ఆ బిగింపే.

స్టడ్ల ఎంపికకు నేనొక కాగితం తయారు చేసి పెట్టుకున్నాను. ఐదు గళ్లు. మందం, నట్టు ఎక్కే మరల మధ్య దూరం, ఉక్కు గ్రేడు, హబ్బులో దిగే పళ్ల కొలత, మొత్తం పొడవు. ఐదు గళ్లలో ఐదు టిక్కులు పడితే ఆ స్టడ్డు పాసైనట్టు. ఆ కాగితమంటే నాకు కొంచెం గర్వం ఉండేదని ఒప్పుకోవాలి. కొత్తగా చేరిన ఇంజనీర్లకు దాన్ని చూపించి, బుర్రలో పెట్టుకున్నది మరిచిపోతాం, గళ్లలో పెట్టుకున్నది మరిచిపోం అని చెప్పేదాన్ని.

నా ముందు రెండు దారులున్నాయి. డిస్కులు పంపిన వాళ్లు వేరే రకం స్టడ్డు వాడమని రాశారు. అది పొట్టిది, రావడానికి మూడు వారాలు పడుతుంది. మా స్టోర్సులో పాత రకం స్టడ్లు, అంటే డ్రమ్ము బ్రేకుల హబ్బుల్లో వాడేవి, పెట్టెలకు పెట్టెలున్నాయి. డ్రమ్ము అంచు హబ్బుకూ చక్రానికీ మధ్య ఉండేది కాబట్టి అవి కొంచెం పొడుగు. కొత్త డిస్కు హబ్బుకు లోపలి వైపు వేరే బోల్టులతో బిగుస్తుంది, స్టడ్ల జోలికి రాదు. అంటే డ్రమ్ము పోయాక ఆ పొడుగు స్టడ్డు చక్రం బయటికి మరికాస్త ఎక్కువ పొడుచుకు వస్తుంది, అంతే. తక్కువైతే ప్రమాదం గానీ ఎక్కువైతే ఏమిటి? నా కాగితంలో ఐదు టిక్కులూ పడ్డాయి. పాత స్టడ్లే ఇవ్వమని స్టోర్సుకు స్లిప్పు రాసి సంతకం పెట్టాను.

బిగించే పని రత్నానికి ఇచ్చాను. రత్నం గ్రేడ్ వన్ ఫిట్టరు, న్యాల్‌కల్ మండలం మనిషి. మాట తక్కువ, చేతి పని ఎక్కువ. పొద్దుటి షిఫ్టుకు వచ్చేటప్పుడు చొక్కా జేబులో చిన్న బైబిలు, ప్యాంటు జేబులో సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజి ఉండేవి. రెండింటినీ ఒకే శ్రద్ధతో చూసుకునేవాడు. ఆ రోజుల్లో చార్జ్‌మన్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. చార్జ్‌మన్ అంటే ఫిట్టర్ల పైన, ఫోర్‌మన్ కింద. షెడ్డులో ఒక బే, అంటే ఒక భాగం మొత్తం అతని సంతకం మీద నడుస్తుంది. ఆ పోస్టుకు వయసు పరిమితి యాభై. రత్నానికి డిసెంబరులో యాభై నిండుతాయి. ఖాళీ అయ్యేదే ఏళ్లకొకటి కాబట్టి అతనికి ఇదే మొదటి అవకాశం, ఇదే చివరిది. ఇంటర్వ్యూ వచ్చే సోమవారం. ఎవరి మీదైనా ఎంక్వయిరీ నడుస్తూ ఉంటే వాళ్లను ఇంటర్వ్యూకి పిలవకూడదని రూలు.

బుధవారం చక్రాలు ఎక్కించారు. నట్లు బిగించడానికి ఒక పద్ధతుంది. వరసగా బిగించకూడదు, ఎదురెదురు నట్లు బిగించుకుంటూ పోవాలి. మొదట సగం బలంతో ఒక చుట్టు, తర్వాత టార్క్ రెంచితో పూర్తి బలంతో ఇంకో చుట్టు. టార్క్ రెంచి అంటే మనం పెట్టిన అంకె దాకా బిగుసుకోగానే టక్కున శబ్దం చేసే పొడుగాటి పానా. రత్నం రెండు చుట్లూ బిగించి షీటు మీద సంతకం పెట్టాడు. నేను కిందికి దిగి ఇరవై నట్లనూ మళ్లీ రెంచితో చూశాను. ఇరవైకి ఇరవై టక్కుమన్నాయి. 'తనిఖీ చేసినవారు' అన్న చోట నేనూ సంతకం పెట్టాను.

గురువారం ఉదయం నర్సింలు లారీ తీశాడు. నర్సింలు మా టెస్ట్ డ్రైవరు, ఊరు మొగుడంపల్లి. మంచి డ్రైవరు, చెడ్డ అలవాటు. పొగాకు, సున్నం అరచేతిలో నలిపి దవడన పెట్టుకునేవాడు. షెడ్డులో ఆ సున్నం డబ్బా కనపడితే గేటు బయటికి విసిరేస్తానని నేనొకసారి అందరి ముందూ అన్నాను. అప్పటి నుంచి నన్ను చూస్తే అతని చెయ్యి జేబు మీదికి పోయేది.

పదకొండు గంటలప్పుడు నా ఫోను మోగింది. నర్సింలు చిరాగ్‌పల్లి దగ్గర హోటలు ముందు లారీ ఆపి మాట్లాడుతున్నాడు. "మేడం, ముంగటి ఎడమ చక్రం ఆడుతున్నది. బ్రేకు కొట్టినప్పుడల్లా టక్కుమంటున్నది. నేనైతే ఇగ ముంగటికి తోల. జర మీరే వచ్చి సూడున్రి."

నట్లన్నీ నేనే చూశానని, ఆడే ప్రసక్తే లేదని చెప్పాను. అతను ఇంకేమీ వాదించలేదు. "సరే మేడం, మీరొచ్చేదాంక నేను చాయ్ తాగుకుంట కూసుంట" అని పెట్టేశాడు. ఈ మాటకు నాకు కోపం వచ్చింది, దానితో పాటు భయం కూడా వచ్చింది. చక్రం ఊడిన లారీ ఎలా ఉంటుందో ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నప్పుడు ఒకసారి చూశాను.

మా వర్క్స్ మేనేజరు కులకర్ణి లాతూరు వైపు వారు. మర్యాదస్థులు, తొందరపాటు మనిషి. సంగతి చెప్పగానే ఆయన, "నట్టు లూజంటే ఫిట్టర్ తప్పే కదా మేడం, ఇంకేముంటుంది?" అన్నారు. రత్నాన్ని ఆ పని నుంచి తప్పించి ఎంక్వయిరీ వేద్దామని, సాయంత్రానికి కాగితం తయారవుతుందని చెప్పారు. నేను కాదనలేదు. నిజానికి నా మనసులోనూ అదే ఉంది.

జీపులో రత్నాన్ని పక్కన కూర్చోబెట్టుకుని చిరాగ్‌పల్లి బయలుదేరాను. దారంతా అతన్ని నిలదీశాను. రెండో చుట్టు నిజంగా బిగించావా, మధ్యలో ఎవరైనా పిలిస్తే పోయావా, రెంచి మీద అంకె సరిగా పెట్టావా అని. అతను ఒక్కసారే జవాబు చెప్పాడు. "పది నట్లు, రెండు సుట్లు బిగించిన మేడం. మీరు గుడ సూసిన్రు." తర్వాత కిటికీలోంచి చెరుకు తోటల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ మౌనాన్ని నేను తప్పు చేసినవాడి మౌనం అనుకున్నాను.

లారీ హోటలు పక్కన చెట్టు నీడలో ఉంది. దిగగానే టార్క్ రెంచి తీసి ఎడమ చక్రం మొదటి నట్టు మీద పెట్టి లాగాను. టక్కుమంది. రెండోది టక్కుమంది. పదీ అలాగే అన్నాయి, ఒక్కటి కూడా వెంట్రుకవాసి తిరగలేదు. నాకు ఒక్క క్షణం ఎక్కడ లేని ధైర్యం వచ్చింది. చూశావా, నట్లు గట్టిగానే ఉన్నాయి, నువ్వు ఊరికే భయపడ్డావని నర్సింలుతో అన్నాను.

నర్సింలు తల గోక్కున్నాడు. "నట్లు లూజైనయని నేనెప్పుడన్న మేడం? చక్రం ఆడుతుందన్న. ఒక ముచ్చట చెప్త, మీరు తిట్టొద్దు."

తిట్టనని మాటిచ్చాక అతను చక్రం ముందు గొంతుక్కూర్చుని వేలు పెట్టి చూపించాడు. ప్రతి నట్టు మీది నుంచి రిమ్ము మీదికి సన్నటి తెల్లటి గీత ఉంది. సున్నం గీత. ట్రిప్పు మొదలుపెట్టే ముందు డబ్బాలోంచి కాస్త సున్నం తీసి వేలితో అలా గీయడం అతనికి పాత లారీల మీద తిరిగిన రోజుల నుంచి అలవాటట. నట్టు తిరిగితే గీత విరుగుతుంది, దిగి చూడగానే తెలిసిపోతుంది. నేను డబ్బా విసిరేస్తానన్నాక షెడ్డు బయట, గేటు దాటాక ఆపి గీసుకుంటున్నాడట.

"ఇగో సూడున్రి. నట్టు మీద గీత నట్టు మీదనే ఉన్నది, రిమ్ము మీద గీత జర పక్కకు జరిగింది. ఒక్కటి గాదు, పదికి పది గట్లనే జరిగినయ్. అన్ని ఒక్క దిక్కే."

నేను కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాను. అతను చెప్పింది నిజమే. ప్రతి గీతా నట్టు అంచు దగ్గర విరిగి, బియ్యపు గింజ మందాన పక్కకు తప్పుకుంది. నువ్వే వంకరగా గీసి ఉంటావన్నాను. పదింటినీ ఒకే లెక్కన వంకరగా గీయాలంటే తనకు నా దగ్గరుండే డ్రాయింగు బల్ల కావాలన్నాడు. హోటలు ముందు కూర్చున్న వాళ్లెవరో నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ బయటికి రానివ్వలేదు. కుడి చక్రం దగ్గరికి పోయి చూశాను. అక్కడ జరిగింది తక్కువ, కానీ జరిగింది. రెండు వైపులా చక్రం దొర్లే దిక్కుకే జరిగింది.

నట్లు వదులైతే ఒక్కోటి ఒక్కో తీరున తిరుగుతుంది. ఇవి తిరగలేదు. తిరిగింది చక్రం. స్టడ్డుకూ రిమ్ములోని రంధ్రానికీ మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. బ్రేకు తొక్కితే హబ్బు ఆగుతుంది, చక్రం ముందుకు పోవాలని చూస్తుంది. పట్టు లేకపోతే ఆ ఖాళీ మేరకు ముందుకు జరిగి స్టడ్డుకు తగులుతుంది. నర్సింలు విన్న చప్పుడు అదే. అలా పది రోజులు నడిస్తే స్టడ్లు ఒక్కొక్కటీ విరుగుతాయి. ఇంతవరకూ నాకు అక్కడే అర్థమైంది. నట్లు బిగుసుకుని ఉండగా చక్రానికి పట్టు ఎందుకు లేదో మాత్రం అర్థం కాలేదు.

అప్పటికి ఒకటి మాత్రం తేలింది. రత్నం నట్లు సరిగ్గానే బిగించాడు. అతని వైపు తిరిగి ఆ మాట చెప్పాను. అతను తల ఊపాడు, అంతే. జీపులో నేనన్న మాటలు నాకే గుర్తొచ్చి సిగ్గేసింది.

లారీ ముందు భాగాన్ని ఎత్తి లాగే బండి తెప్పించి షెడ్డుకు చేర్చేసరికి సాయంత్రం అయింది. కులకర్ణి గారి బల్ల మీద ఎంక్వయిరీ కాగితం సిద్ధంగా ఉంది, ఆయన సంతకం ఒక్కటే తక్కువ. సున్నం గీతల సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, కంపెనీ ఫైల్లో సున్నం గురించి రాయలేమని, నట్లది తప్పు కాకపోతే మరి దేనిదో చూపించమని అన్నారు. శనివారం మధ్యాహ్నం వరకు గడువిచ్చారు. ఆలోపు కారణం దొరక్కపోతే కాగితం వెళ్తుంది, రత్నం సోమవారం ఇంటర్వ్యూకి రాడు.

శుక్రవారం పొద్దున్నే రత్నం, నేను బెంచి దగ్గర చేరాం. స్టోర్సు నుంచి ఖాళీ హబ్బు ఒకటి, అందులో దిగ్గొట్టిన పాత రకం స్టడ్డు ఒకటి, కొత్త నట్టు ఒకటి. నా కాగితం తెచ్చి ఐదు గళ్లూ మళ్లీ కొలిచాను. మందం సరే. మరలు సరే. గ్రేడు సరే. పళ్లు సరే. పొడవు కావలసిన దానికన్నా ఎక్కువే. మూడుసార్లు కొలిచాను. మూడోసారి కొలుస్తుంటే రత్నం పక్కకు పోయి, చేత్తో నట్టు తీసుకుని, స్టడ్డు మీద పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు.

ఫిట్టర్లకు ఇదొక అలవాటు. చేతిలో నట్టు, ఎదురుగా బోల్టు కనపడితే ఊరికే ఉండలేరు. నట్టు గిరగిరా తిరుగుతూ లోపలికి పోయింది. హబ్బుకు వేలి మందం దూరంలో ఆగిపోయింది.

"చూడీలు అయిపోయినయ్ మేడం" అన్నాడు. మరలను మా షెడ్డులో చూడీలు అంటారు.

నేను వంగి చూశాను. స్టడ్డు మొదట్లో, హబ్బును ఆనుకుని, మరలు లేని నున్నటి భాగం ఉంది. మరలు దాని తర్వాత మొదలవుతాయి. ఇది కొత్త విషయం కాదు, ఇరవై ఆరేళ్లుగా వేల స్టడ్లు చేత్తో పట్టుకున్నాను. ఆ నున్నటి భాగం ఎందుకుందో ఎప్పుడూ అడగలేదు. డ్రమ్ము అంచు కూర్చునే చోటది. డ్రమ్ము ఉన్నంత కాలం ఆ భాగం డ్రమ్ము మందంలో దాగి ఉండేది, నట్టు దాని దాకా వచ్చే పనే లేదు. ఇప్పుడు డ్రమ్ము లేదు. చక్రం అంత మేరా లోపలికి జరిగి ఆ నున్నటి భాగం మీదే కూర్చుంది, కానీ చక్రం మందం కన్నా ఆ భాగం కాగితమంత పొడుగు. నట్టు కూడా దాని వెంట లోపలికి జరిగి, చక్రాన్ని తాకీ తాకకముందే మరలు అయిపోయి అక్కడ ఇరుక్కుంది. టార్క్ రెంచి టక్కుమన్నది చక్రం బిగిసినందుకు కాదు, నట్టు ఇరుక్కున్నందుకు.

రత్నం రిమ్ము మందంలో ఉన్న ఉక్కు ముక్క ఒకటి వెతికి తెచ్చి స్టడ్డుకు తగిలించాడు. నట్టును టార్క్ రెంచితో చివరి దాకా బిగించాడు. టక్కుమంది. నా బల్ల మీదున్న స్టోర్సు స్లిప్పు తీసుకుని నట్టుకూ ఉక్కు ముక్కకూ మధ్య దూర్చాడు. కాగితం నిరాటంకంగా అటు నుంచి ఇటు వచ్చింది. ఆ స్లిప్పు మీద పాత స్టడ్లు ఇవ్వమని నేను పెట్టిన సంతకం ఉంది.

బుధవారం ఎందుకు పట్టుబడలేదో కూడా అప్పుడే తేలింది. కొత్త రిమ్ములకు మా పెయింటు సెక్షన్ వాళ్లు తమ సొంత గోడకు కూడా వేయనంత మందంగా రంగు పూశారు. కాగితం మందపు ఖాళీని ఆ రంగు నింపింది. నలభై కిలోమీటర్లు బ్రేకులు పడేసరికి రంగు అరిగింది, ఖాళీ బయటపడింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, చెప్పకపోతే ఈ జ్ఞాపకం రాయడం దండగ. బెంచి మీద ఆ స్లిప్పు వంక చూస్తుంటే నాకు ఒక మాట గుర్తొచ్చింది. చక్రాలు ఎక్కించే ముందు, స్టడ్ల పెట్టె విప్పుతూ రత్నం నన్ను అడిగాడు. "డ్రమ్ము పోయింది గద మేడం, గీ స్టడ్డే నడుస్తదా?" అని. నేను మెట్లెక్కుతూ, వెనక్కి తిరగకుండానే, పొడుగుంటే నష్టమేంటి అన్నాను. ప్రశ్నకు జవాబు చెప్పలేదు, ఎదురు ప్రశ్న వేసి వెళ్లిపోయాను.

జీపులో అన్ని మాటలన్నాను కదా, అప్పుడు ఈ సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను. అతను నట్టు విప్పుతూనే జవాబిచ్చాడు. "నాకు గుడ పక్కా తెల్వదు మేడం. అనుమానం ఉండె, అడిగిన. మీరు నడుస్తదన్నరు. తెల్వకుంట మీ మీదికెట్ల తోస్త?"

నాకు పక్కాగా తెలియకుండానే అతని మీదికి తోశానన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

శనివారం ఉదయం రిపోర్టు రాశాను. చేతిరాతతో ఒకటిన్నర పేజీ. నట్లు నిర్ణీత పద్ధతిలో, నిర్ణీత బలంతో బిగించారు. లోపం స్టడ్డు ఎంపికలో ఉంది. డ్రమ్ము తీసేశాక మరలు ఎక్కడ మొదలవుతాయో చూడలేదు. ఎంపిక చేసినది ఈ కింద సంతకం చేసిన వ్యక్తి. బిగించడానికి ముందు ఫిట్టరు రత్నం ఈ విషయమై ప్రశ్న అడిగారు, పై వ్యక్తి దాన్ని పట్టించుకోలేదు. నర్సింలు సున్నం గీతల గురించి కూడా ఒక వాక్యం రాశాను. ఫైల్లో సున్నం గురించి రాయలేమన్నది కులకర్ణి గారి మాట గానీ ఏ రూలు పుస్తకంలోనూ లేదు.

బెంచి మీద నట్టు, ఉక్కు ముక్క చూపించి రిపోర్టు చేతికిచ్చాను. ఆయన పైకి కిందికి రెండుసార్లు చదివారు. మంచి మనిషి కాబట్టి నన్ను కాపాడాలని చూశారు. 'పనివిధానంలో లోపం' అని రాస్తే సరిపోతుంది, రెండేళ్లలో రిటైరయ్యే మనిషి ఫైల్లో మెమో ఎందుకు మేడం అన్నారు. పనివిధానం సంతకం పెట్టదు సార్, నేను పెట్టాను అన్నాను. పనివిధానంలో లోపం అని రాస్తే అది తేలేదాకా ఎంక్వయిరీ నడుస్తుంది, అందులో ఫిట్టరు పేరు ఉంటుంది, సోమవారం అతన్ని పిలవలేరు. నా పేరు రాస్తే ఈ రోజే ముగిసిపోతుంది. ఇది త్యాగమేమీ కాదు. తప్పు చేసింది నేను, మెమో రావలసింది నాకు.

మెమో వచ్చింది. ముప్పై ఏళ్లకు దగ్గరపడిన సర్వీసులో నాకు వచ్చిన ఒకే ఒక్క మెమో అది. భాష చాలా బాగుంది. ఇకపై జాగ్రత్తగా ఉండవలసిందిగా సూచించారు.

సోమవారం ఇంటర్వ్యూ బోర్డులో సెక్షన్ తరఫున నేనూ ఉన్నాను. బయటి నుంచి వచ్చిన సభ్యుడొకరు రత్నాన్ని, టార్క్ రెంచి ఏం చెబుతుందని అడిగారు. పుస్తకంలో జవాబు, బిగింపు బలం ఎంతో చెబుతుందని. రత్నం "నట్టుకు ఏదో అడ్డం తగిలిందని చెప్తది సార్. ఏం తగిలిందో మనమే చూసుకోవాలె" అన్నాడు. కులకర్ణి గారు నా వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డారు. నేను నా కాగితాల మీద ఏదో రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాను. ఆ సభ్యుడు పూర్తి మార్కులు వేశాడు.

డిసెంబరులో యాభై నిండకముందే రత్నం చార్జ్‌మన్ అయ్యాడు. ఆర్డరు పెట్టిన మూడు వారాలకు పొట్టి స్టడ్లు వచ్చాయి, మరలు దాదాపు హబ్బు అంచు దాకా ఉన్నవి. ఆరు లారీలకూ అవే వేశాం. నర్సింలు ఒక్కో లారీని చిరాగ్‌పల్లి మీదుగా తిప్పి తెచ్చాడు. షెడ్డులో పొగాకు మీద నిషేధం అలాగే ఉంచాను, గీతలకు మాత్రం స్టోర్సు నుంచి పసుపు రంగు పెయింటు పెన్ను ఇప్పించాను. దాని కన్నా సున్నమే నయమని అతను రిటైరయ్యే వరకూ సణిగాడు.

కొత్త చార్జ్‌మన్ మొదటి నెలలోనే నా కాగితం ఒకటి తిప్పి పంపాడు. ఇంకో రకం ఇరుసు, ఇంకో రకం స్టడ్డు. గళ్లన్నీ నింపి, కొత్తగా చేర్చిన ఆరో గడిలో మరలు ఎక్కడ మొదలవుతాయో కూడా రాసి పంపాను. అయినా సంతకం పెట్టలేదు. కిందికొచ్చి తన ముందు నట్టు చేత్తో తిప్పి చూపించమని కబురు పెట్టాడు. కొలిచి రాశాను కదా అని పైనుంచే అన్నాను. "రాసిన్రు మేడం. జర తిప్పి గుడ సూద్దం" అన్నాడు. దిగి వెళ్లి తిప్పాను. అతను చూసి, సంతకం పెట్టాడు.

ఈ సంగతి నాకు నేర్పింది ఇంతే. మార్పిడి పనిలో కొత్తగా ఏమేం బిగిస్తున్నామో అందరూ రాసుకుంటారు. ఏమేం తీసేస్తున్నామో, తీసేసిన ఒక్కొక్కటీ తన పనితో పాటు ఎవరికీ చెప్పకుండా ఇంకే పని చేస్తూ వచ్చిందో కూడా రాసుకోవాలి. కింద నుంచి ఎవరైనా ప్రశ్న అడిగితే మెట్ల మీద ఆగాలి, వెనక్కి తిరగాలి, తెలియకపోతే తెలియదని చెప్పి కిందికి దిగాలి. మా వర్క్‌షాపులో ఆ మెట్లు ఇరవై రెండు. దిగడానికి అర నిమిషం పడుతుంది.